యేసు జీవిత చార్టు: నాలుగు సువార్తలను పక్కపక్కన ఎలా పెట్టాలి, "ఆయన ఎవరు" అన్న వరుసలో ఏం రాయాలి?

చార్టుపని (ప్రశ్న):

అందరికీ వందనాలు. పెద్దల బైబిల్ తరగతికి ఎనిమిది పాఠాల్లో యేసు జీవితం చెప్పాలి. గోడకు పెద్ద చార్టు తగిలించి, జననం నుంచి ఆరోహణం దాకా వారం వారం నింపుకుంటూ పోదామని ఆలోచన. తరగతిలో బైబిలు నమిలి మింగినవాళ్లున్నారు, సువార్త అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే వింటున్నవాళ్లూ ఉన్నారు. ఏదో ఒకటి రాసేస్తే మొదటి వారమే పట్టుకుంటారు.

నాకు తేలనివి ఇవి. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడంటారు, యేసు అతని రోజుల్లోనే పుట్టాడు. అంటే క్రీస్తు క్రీస్తుపూర్వంలో పుట్టాడనాలా? దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన సంగతి యోహానులో మొదట్లో ఉంది, మిగతా మూడింట్లో చివర్లో ఉంది. దాన్ని ఎక్కడ వేయాలి? కడపటి భోజనం పస్కా రాత్రిదా, దానికి ముందు రాత్రిదా? అన్నిటికన్నా ముఖ్యమైనది: చార్టు అడుగున "ఆయన ఎవరు" అని ఒక వరుస పెట్టాలనుకుంటున్నాను. ఏ సంఘటన దగ్గర దేవుడని రాయాలి, ఏ సంఘటన దగ్గర మనిషని రాయాలి?

కాలరేఖ:

తేదీల సంగతి ముందు తేల్చుకోండి. సువార్తల్లో ఎక్కడా సంవత్సరం అంకె లేదు. బయటి చరిత్రతో ముడిపడే చోట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. చార్టు పైభాగాన వాటిని వేరే రంగు సిరాతో ముందే రాసిపెట్టండి, సంఘటనలను వాటి కింద సర్దుకోవచ్చు.

మొదటిది హేరోదు మరణం. యూదు చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం ఒక చంద్రగ్రహణం తర్వాత, పస్కాకు ముందు హేరోదు చనిపోయాడు. క్రీ.పూ. 4 మార్చిలో అలాంటి గ్రహణం ఉంది. అతని కొడుకులు అర్కెలాయు, అంతిప, ఫిలిప్పుల పాలనాకాలాలు కూడా ఆ ఏడాది నుంచి లెక్కవేస్తేనే సరిపోతాయి. క్రీ.పూ. 1 అనేవాళ్లు కొందరున్నారు గానీ ఎక్కువమంది 4 దగ్గరే ఉన్నారు. బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను హేరోదు చంపించాడని మత్తయి చెబుతాడు కాబట్టి జననాన్ని క్రీ.పూ. 6 నుంచి 4 మధ్య ఒక గీతగా వేయండి, చుక్కగా కాదు.

"క్రీస్తు క్రీస్తుపూర్వంలో ఎలా పుడతాడు" అన్నదానికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఈ శకం లెక్క యేసు కాలంలో లేదు; 525లో రోమ్‌లో ఉన్న దియొనీసియస్ ఎక్సిగ్యూస్ అనే సన్యాసి ఈస్టర్ పట్టికలు తయారుచేస్తూ మొదలుపెట్టాడు. ఆయన లెక్క కొన్నేళ్లు తప్పింది, సువార్తలు కాదు.

ఇక్కడే అందరూ చేసే కూడికల పొరపాటు ఒకటుంది. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 5 నుంచి క్రీ.శ. 28కి 33 ఏళ్లు కాదు, 32. లూకా 3:23 "దాదాపు ముప్పై ఏళ్లు" అంటుంది కాబట్టి ఇబ్బందేమీ లేదు.

రెండోది, బాప్తిస్మమిచ్చు యోహాను బోధ మొదలైన ఏడు: రోమా చక్రవర్తి తిబెరి కైసరు పదిహేనో ఏడు (లూకా 3:1). అతని ముందటి చక్రవర్తి ఔగుస్తు క్రీ.శ. 14 ఆగస్టు 19న చనిపోయాడు. అక్కడి నుంచి లెక్కేస్తే పదిహేనో ఏడు 28 ఆగస్టు నుంచి 29 ఆగస్టు వరకు. మూడోది యోహాను 2:20, దేవాలయం నలభై ఆరేళ్లుగా కడుతున్నారన్న మాట. హేరోదు ఆ పని మొదలుపెట్టింది క్రీ.పూ. 20 లేదా 19లో. నలభై ఆరు కలిపితే 27 లేదా 28. నాలుగోది పిలాతు: 26 నుంచి 36 వరకు యూదయకు రోమా అధిపతి. కయప ప్రధాన యాజకత్వం 18 నుంచి 36 వరకు. చివరిది సిలువ మరణం ఏడాదికి: నీసాను (పస్కా వచ్చే యూదుల నెల) 14 శుక్రవారం పడిన సంవత్సరాలు. పిలాతు కాలంలో దీనికి బాగా అతికేవి రెండు: 30 ఏప్రిల్ 7, 33 ఏప్రిల్ 3. నెలవంక కంటికి కనబడితేనే నెల మొదలయ్యేది కాబట్టి ఈ గణితంలో ఒక రోజు అటూఇటూ అయ్యే వీలుందని కూడా రాయండి.

30, 33లలో ఏది తీసుకున్నా ఒకచోట సర్దుబాటు తప్పదు. 30 అంటే యోహానులోని మూడు పస్కాలు 28, 29, 30 అవుతాయి. దేవాలయం లెక్క చక్కగా కుదురుతుంది గానీ తిబెరి పదిహేనో ఏడు ఆలస్యమైపోతుంది. అందుకే ఆ పక్షంవాళ్లు తిబెరి ఔగుస్తుతో కలిసి ఏలిన కాలాన్ని కూడా లెక్కలోకి తెస్తారు. 33 అంటే తిబెరి లెక్క కుదురుతుంది గానీ యోహాను చెప్పని పస్కా ఇంకొకటి ఉందనుకోవాలి; నలభై ఆరేళ్లను గర్భాలయం పూర్తయిన నాటి నుంచి మొదలుపెట్టాలి. నా మొగ్గు 30 వైపు. చార్టులో మాత్రం రెండూ వేయండి.

కురేనియు జనసంఖ్య గురించి ఎవరో ఒకరు అడుగుతారు. జోసీఫస్ ప్రకారం కురేనియు సిరియా అధిపతిగా యూదయలో ప్రజాసంఖ్య రాయించింది క్రీ.శ. 6లో, అర్కెలాయును తొలగించాక. లూకా 2:2కు హేరోదు కాలానికి మధ్య పదేళ్ల ఎడం ఉంది. "కురేనియు అధిపతి కాకముందు జరిగినది" అని చదివేవాళ్లు, అంతకుముందు ఇంకొక లెక్క ఉండవచ్చనేవాళ్లు, లూకా రెండు సంఘటనలను కలిపాడనేవాళ్లు ఉన్నారు. ఏదీ అందరూ ఒప్పుకున్న పరిష్కారం కాదు. ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పొండి. డిసెంబరు 25 కూడా అంతే: సువార్తల్లో లేదు, రోమ్‌లో 4వ శతాబ్దపు పంచాంగంలో కనిపిస్తుంది.

నాలుగునిలువులు:

కాలరేఖ గారు చెప్పినదానికి నేను అడ్డు చెప్పను గానీ, తేదీల మీద ఒక్క పాఠానికి మించి ఖర్చుపెట్టొద్దు. చార్టు నిజంగా చెడిపోయేది నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కుట్టినప్పుడు. 2వ శతాబ్దంలో తతియాను అనే క్రైస్తవ రచయిత అలా కుట్టాడు. సిరియా సంఘాల్లో అది చాలాకాలం చదివారు కూడా. 5వ శతాబ్దంలో థియొడొరెట్ అనే బిషప్పు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులు ఏరి పక్కన పెట్టించి, వాటి స్థానంలో విడివిడి సువార్తలు ఇప్పించాడు. 4వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ పద్ధతి వేరు: సువార్తలను ముట్టుకోకుండా, సమాంతర భాగాలకు అంకెలు వేసి పది పట్టికలు చేశాడు. మీరు చేయాల్సింది రెండోది.

అందుకని నాలుగు నిలువు వరుసలు గీయండి: మత్తయి, మార్కు, లూకా, యోహాను. వెడల్పులు సమానంగా వద్దు, యోహానుకు కాస్త ఎక్కువ ఇవ్వండి. దానిలో చాలా భాగానికి పక్కన జత ఉండదు. ముందు మార్కును పై నుంచి కిందికి రాసేయండి, అది వెన్నెముక. తర్వాత మత్తయి, లూకాలను దాని పక్కన సర్దండి. మత్తయి బోధలను ఐదు పెద్ద ప్రసంగాలుగా (5–7, 10, 13, 18, 24–25) పేర్చాడు. లూకా అవే మాటల్లో చాలావాటిని 9:51 నుంచి 19 దాకా సాగే యెరూషలేము ప్రయాణంలో చల్లాడు. కాబట్టి "కొండమీది ప్రసంగం ఏ రోజు" అని వెతకొద్దు. యోహానును చివర్లో వేయండి.

నాలుగింటినీ కలిపే మధ్య మేకు ఐదువేలమందికి రొట్టెలు పంచిన సంఘటన. పునరుత్థానం కాక, నాలుగు సువార్తల్లోనూ ఉన్న అద్భుతం ఇదొక్కటే (మత్తయి 14, మార్కు 6, లూకా 9, యోహాను 6). మార్కు జనాన్ని "పచ్చిక మీద" కూర్చోబెట్టాడు, ఆ నేలలో పచ్చిక ఉండేది వానల తర్వాత వసంతంలో. యోహాను "పస్కా సమీపించింది" అంటాడు, అదీ వసంతమే. ఇద్దరూ ఒకరినొకరు చూసి రాసినట్టు లేదు, అయినా ఋతువు కలిసింది. చార్టు మధ్యలో అడ్డంగా ఒక గీత గీసి ఇది అక్కడ పెట్టండి.

బల్లలు పడదోయడం: యోహాను గడిలో 2వ అధ్యాయం దగ్గర, మిగతా మూడింట్లో చివరి వారంలో, ఎవరిది వారి చోటే. రెండింటినీ చుక్కల గీతతో కలపండి. రెండుసార్లు జరిగిందనేవాళ్లున్నారు, యోహాను భావం కోసం ముందుకు తెచ్చాడనేవాళ్లున్నారు. యోహాను అక్కడే "ఈ దేవాలయాన్ని పడగొట్టండి, మూడు దినాల్లో లేపుతాను" అన్న మాట చెప్పి, అది ఆయన శరీరం గురించి అని వివరిస్తాడు. తన సువార్త మొత్తానికి దాన్ని గుమ్మంలా పెట్టాడు. మిగతా ముగ్గురి కథనంలో అది అరెస్టుకు దారితీసే సంఘటన. మీ తరగతిలో ఈ తేడా చెబితే, "ఎన్నిసార్లు" అన్న వాదన కన్నా ఎక్కువ లాభం.

కడపటి భోజనం ఇంకా చిక్కు. మార్కు 14:12 పస్కా గొర్రెపిల్లను వధించే రోజే భోజనం సిద్ధం చేశారంటుంది, అంటే ఆ రాత్రి పస్కా విందు. యోహాను 18:28లో మరునాటి ఉదయం యాజకులు ఇంకా పస్కా తినాల్సి ఉంది, మైలపడకుండా పిలాతు అధికార మందిరంలోకి అడుగుపెట్టలేదు. 19:14లో అది పస్కాను సిద్ధపరచు దినం. అలా చూస్తే దేవాలయంలో గొర్రెపిల్లలను వధించే వేళకు ఆయన సిలువ మీద ఉన్నాడు. వేరే పంచాంగం పాటించారని, యోహానులో "పస్కా తినడం" అంటే వారమంతా సాగే పండుగ బలులని, ఇంకా చాలా సర్దుబాట్లు ఉన్నాయి. ఏదీ అతుకు కనబడకుండా కుదరదు. గురువారం రాత్రి భోజనం, శుక్రవారం సిలువ, ఆదివారం ఖాళీ సమాధి: వారంలోని రోజుల్లో నలుగురూ ఒక్కటే. తేడా నీసాను 14నా 15నా అన్నది మాత్రమే. చార్టులో వారాల పేర్లు పెద్ద అక్షరాల్లో, నీసాను తేదీలు చిన్నగా రాయండి.

గంటల దగ్గర కూడా జాగ్రత్త. మార్కు 15:25లో మూలంలో ఉన్నది మూడో గంట, అంటే ఉదయం తొమ్మిది ప్రాంతం. యోహాను 19:14లో తీర్పు వేళ ఆరో గంట ప్రాంతం, అంటే మధ్యాహ్నం కావస్తోంది. కొన్ని అనువాదాలు వీటిని ఇప్పటి గడియారంలోకి మార్చి వేశాయి కాబట్టి తరగతిలో ఇద్దరి చేతుల్లో రెండు బైబిళ్లుంటే రెండు అంకెలు వినబడతాయి.

ఇక కలిపేసుకోవడం వల్ల వచ్చే తప్పులు. అభిషేకం కథలు చూడండి. లూకా 7లో పరిసయ్యుడైన సీమోను ఇల్లు, గలిలయ పరిచర్య మధ్యలో, పేరు లేని స్త్రీ, పాదాలు. మార్కు 14, మత్తయి 26లో బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇల్లు, చివరి వారం, తల. యోహాను 12లో బేతనియ, పస్కాకు ఆరు రోజుల ముందు, మార్త సోదరి మరియ, పాదాలు. వీటన్నిటినీ కలిపి, ఆ స్త్రీ మగ్దలేనే మరియ అనీ ఆమె వేశ్య అనీ చెప్పేయడం 591లో పోపు మొదటి గ్రెగొరీ ఇచ్చిన ప్రసంగం తర్వాత పశ్చిమ దేశాల్లో స్థిరపడింది. సువార్తల్లో ఆమె గురించి ఉన్నది ఏడు దయ్యాలు వదిలాయని, ఆయన్ని వెంబడించి తన ఆస్తితో ఉపచారం చేసిందని, సిలువ దగ్గరా సమాధి దగ్గరా ఉందని. జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయిలో లేదు, మూడు కానుకలున్నాయి. వాళ్లు వచ్చింది పశువుల తొట్టి దగ్గరికి కాదు, ఇంటికి (మత్తయి 2:11).

వంశావళులకు అర పాఠం చాలు. మత్తయి అబ్రాహాము నుంచి కిందికి వస్తాడు, లూకా యేసు నుంచి ఆదాము దాకా పైకి వెళతాడు. దావీదు తర్వాత మత్తయి సొలొమోను దారి, లూకా నాతాను దారి. యోసేపు తండ్రి ఒకచోట యాకోబు, ఇంకోచోట హేలీ. మత్తయి పద్నాలుగు చొప్పున మూడు గుంపులు చేయడానికి యెహోరాముకు ఉజ్జియాకు మధ్య ముగ్గురు రాజులను వదిలేశాడు: అహజ్యా, యోవాషు, అమజ్యా. ఇది రాజవారసత్వం చూపే పట్టిక, జనన రిజిస్టరు కాదు.

మనుష్యకుమారుడు_దానియేలు7:

"ఏ సంఘటన దగ్గర దేవుడు, ఏ సంఘటన దగ్గర మనిషి" అన్న ప్రశ్నలోనే తిరకాసుంది. అలా రెండు రంగులతో నింపితే, నీళ్ల మీద నడిచినప్పుడు దేవుడు, నిద్రపోయినప్పుడు మనిషి అని ఇద్దరు వ్యక్తులు తయారవుతారు. అడుగు వరుసలో ప్రశ్న మార్చండి: "ఈ సంఘటన చూసినవాళ్లు ఏమనుకున్నారు, దానికి పాత నిబంధనలో ఏ మాట వెనక ఉంది?"

మార్కు 2:1–12 ఒక్కటి నిదానంగా తీసుకుంటే పద్ధతి అర్థమవుతుంది. కపెర్నహూములో ఇల్లు. నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు గలవాడు. గుంపు వల్ల తలుపు దారి లేదు. పైకప్పు తవ్వి పరుపుతో దించారు. దూలాల మీద కొమ్మలు, మట్టి పరిచిన కప్పు గనక "తవ్వారు" అన్న మాట సరిగ్గా సరిపోతుంది. ఆయన మొదట చెప్పింది "లేచి నడువు" అని కాదు, "నీ పాపములు క్షమింపబడియున్నవి" అని. శాస్త్రులు మనసులో అనుకున్నది: దేవుడొక్కడే తప్ప పాపాలు ఎవరు క్షమించగలరు? వాళ్ల సిద్ధాంతం తప్పు కాదు. దేవాలయంలో బలి అర్పించకుండా, యాజకుడు లేకుండా, ఒక ఇంట్లో నేలమీద పడి ఉన్నవాడితో ఆ మాట అన్నాడు. తర్వాత "మనుష్యకుమారునికి భూమి మీద పాపాలు క్షమించే అధికారం ఉందని మీరు తెలుసుకోవాలి" అని లేపాడు. స్వస్థత ఇక్కడ రుజువు, అసలు విషయం అధికారం. "నేనే దేవుణ్ని" అన్న వాక్యం ఈ కథలో లేదు. అయినా చూసేవాళ్ల ముందున్న ప్రశ్న అదే.

ఇలాంటివే మరికొన్ని. తుఫాను ఆపడం (మార్కు 4:35–41) పక్కన కీర్తన 107:23–30 రాయండి; అక్కడ తుఫాను అణిచేది యెహోవా. శిష్యుల చివరి మాట "ఈయన ఎవరో" అన్నదే మీ వరుసకు శీర్షిక. అదే కథలో ఆయన పడవ వెనక భాగాన తలగడ మీద నిద్రపోతున్నాడు. ఒకే గడి, ఒకే వ్యక్తి. విచారణ దగ్గర (మార్కు 14:61–64) దానియేలు 7:13, కీర్తన 110:1 రెండూ రాయండి. ప్రధాన యాజకుడు బట్టలు చింపుకున్నది ఈ రెంటినీ ఆయన తనకు అన్వయించుకున్నాకే.

బిరుదుల దగ్గర తొందరపడకూడదు. "క్రీస్తు" అంటే అభిషిక్తుడు, అంతమాత్రాన దేవుడని కాదు; యెషయా 45:1లో పారసీక రాజు కోరెషు కూడా అభిషిక్తుడే. "దేవుని కుమారుడు" అన్న మాట నిర్గమకాండము 4:22లో ఇశ్రాయేలుకు, 2 సమూయేలు 7:14లో దావీదు వంశపు రాజుకు వాడారు. "మనుష్యకుమారుడు" అంటే ఆయన మానుషత్వం, "దేవుని కుమారుడు" అంటే దైవత్వం అని చెప్పేస్తుంటారు చూశారూ, దాదాపు తలకిందులు: దానియేలు దర్శనంలో మేఘాల మీద వచ్చి నిత్యరాజ్యం పొందేవాడు మనుష్యకుమారుని పోలినవాడు. బిరుదు ఒక్కటే చాలదు, ఆయన దాన్ని ఏ పనితో నింపాడో చూడాలి.

లేఖల్లోంచి రెండు చాలు. ఫిలిప్పీ 2:10–11లో ప్రతి మోకాలూ వంగేది యేసు నామంలో. ఆ మాట యెషయా 45:23లో యెహోవా తన గురించి చెప్పుకున్నది. 1 కొరింథీ 8:6లో పౌలు "దేవుడు ఒక్కడే, ప్రభువు ఒక్కడే" అంటూ ద్వితీయోపదేశకాండము 6:4ను తండ్రికీ యేసుకూ పంచి చెబుతాడు. ఇవి 50ల, 60ల నాటి ఉత్తరాలు. అంటే యేసును దేవునితో సమానంగా ఆరాధించడం 4వ శతాబ్దంలో సభలు పెట్టి తెచ్చింది కాదు. యోహాను 1:1, 1:14, 20:28 ఎలాగూ రాస్తారు, వాటికి నా సాయం అక్కర్లేదు.

చార్టుపని:

చాలా మేలు చేశారండి. ఇంకా రెండు. మార్కు 13:32లో ఆ దినం గురించి "కుమారుడైనను ఎరుగడు" అని ఉంది. తరగతిలో ఇది తప్పకుండా వస్తుంది. త్రిత్వం చెప్పడానికి నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ వాడొచ్చా?

కల్కెదోను451:

నీళ్ల ఉదాహరణ మానేయండి. ఒకే నీరు మూడు రూపాలు మార్చుకుంటుంది, ఒకసారికి ఒకటే. 3వ శతాబ్దంలో సబెల్లియుస్ పేరుతో సంఘం తోసిపుచ్చినది సరిగ్గా అదే: ఒకే వ్యక్తి ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారునిగా కనబడ్డాడని. బాప్తిస్మం దగ్గర అది విరిగిపోతుంది. కుమారుడు నీళ్లలోంచి బయటికి వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తండ్రి స్వరం వినిపిస్తోంది, మూడూ ఒకేసారి. ఉదాహరణ బదులు ఆ సంఘటననే చెప్పండి.

మీ అడుగు వరుసకు, సిద్ధాంతం తేల్చడానికి బిషప్పులు కూడిన నాలుగు సభలు కాపలా కాస్తాయి. 325 నికయలో ప్రశ్న: కుమారుడు సృష్టించబడినవాడా? కాదు, తండ్రితో ఏకసారము గలవాడు అన్నారు. 381 కాన్‌స్టాంటినోపుల్‌లో అపొలినారిస్ బోధ తోసిపుచ్చారు: యేసుకు మానవ శరీరం ఉంది గానీ మానవ మనస్సు స్థానంలో వాక్యమే ఉన్నాడని అతను అన్నాడు. దానికి నజియాంజసు గ్రెగొరీ జవాబు ఆయువుపట్టు మీద కొట్టింది: ఆయన ధరించనిది స్వస్థపడలేదు. మనలో పాపానికి మొదట లొంగేది మనస్సే కదా. 431 ఎఫెసులో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్ వివాదం: మరియ కన్నది మనిషినే అంటే, పుట్టిన శిశువు ఒకరు, ఆయనలో నివసించే వాక్యం ఇంకొకరు అయిపోతారు. 451 కల్కెదోనులో యూటికెస్ అనే సన్యాసికి ఎదురుగా: మానవ స్వభావం దైవత్వంలో కరిగిపోలేదు. అక్కడి తీర్మానం ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు అని చెప్పి నాలుగు "కాదు"లు పెట్టింది: కలిసిపోకుండా, మారకుండా, విభజన లేకుండా, వేరుపడకుండా. అది రహస్యాన్ని విప్పి చెప్పదు, ఏ వైపు పడిపోకూడదో చెబుతుంది.

వాడే పద్ధతి సులువు. గడిలో రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ నాలుగింటితో చూడండి. "యేసు దేవుడే గానీ మనిషిలా కనిపించాడు": మానుషత్వం వేషమైపోయింది, కొట్టేయండి. "యేసులోని మనిషి ఆకలిగొన్నాడు, యేసులోని దేవుడు రొట్టెలు పెంచాడు": ఇద్దరయ్యారు, కొట్టేయండి. "యేసు సగం దేవుడు, సగం మనిషి": రెండూ తగ్గాయి, కొట్టేయండి. "యేసు ఆకలిగొన్నాడు. యేసు రొట్టెలు పెంచాడు": నిలుస్తుంది, కర్త ఒకరే కాబట్టి.

మార్కు 13:32కు వద్దాం. ఆ వచనాన్ని, కుమారుడు సృష్టించబడినవాడన్న అరియస్ పక్షంవాళ్లు బాగా వాడుకున్నారు. అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ జవాబు: వాక్యంగా ఆయనకు తెలుసు, శరీరధారిగా తెలియకపోవడం మనుషుల లక్షణం, దాన్ని ఆయన నిజంగానే తనది చేసుకున్నాడు. లూకా 2:52 కూడా ఇదే తోవ: జ్ఞానంలో ఎదిగాడు అంటే ఎదగడం నటన కాదు. ఫిలిప్పీ 2:7లోని "తన్ను తాను రిక్తునిగా చేసికొనెను" మీద కట్టే వివరణ ఇంకొకటుంది, దైవత్వాన్ని వదులుకోలేదు గానీ దాని వాడకాన్ని ఇష్టపూర్వకంగా పక్కన పెట్టాడని. రెండో దాన్ని "దైవ లక్షణాలు కొన్ని వదిలేశాడు" అనేదాకా లాగితే నికయ దాటిపోతారు. వచనంలోనే ఇంకొకటి గమనించండి: మనుషులు, దూతలు, కుమారుడు, తండ్రి అని మెట్లు ఎక్కుతుంది. కుమారుణ్ని దూతల పైన పెట్టిన వాక్యమిది.

గెత్సేమనే గడిలో 680–681 సభను చిన్నగా రాయండి. "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నచోట ఆయనకు నిజమైన మానవ చిత్తం ఉందని, అది దైవ చిత్తానికి ఇష్టపూర్వకంగా లోబడిందని తీర్మానించింది అక్కడే.

ఒక హెచ్చరిక. తరగతిలో కాప్టిక్, సిరియన్, ఆర్మేనియన్, ఇథియోపియన్ సంప్రదాయాలవాళ్లు ఉంటే, వాళ్లు కల్కెదోను ఒప్పుకోరు. వాళ్లు చెప్పేది ఐక్యమైన ఒకే స్వభావం, అదీ పూర్తి దైవత్వం పూర్తి మానుషత్వం కలిగినది. యూటికెస్‌ను వాళ్లూ ఖండిస్తారు. 1973లో పోపు ఆరో పౌలు, కాప్టిక్ పోపు మూడో షెనూదా కలిసి సంతకం చేసిన ప్రకటనలో ఇద్దరి నమ్మకం ఒక్కటేనని రాసుకున్నారు. "వాళ్లు మానుషత్వం నమ్మరు" అని మాత్రం నోరు జారొద్దు.

కాలరేఖ:

బయటి సాక్ష్యాల గడి కూడా ఒకటి పెట్టుకోండి, చిన్నదే. రోమా చరిత్రకారుడు టాసిటస్: తిబెరి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడు. జోసీఫస్ 20వ సంపుటంలో: క్రీస్తు అనబడిన యేసు సోదరుడు యాకోబు. 18వ సంపుటంలో ఉన్న పెద్ద పేరాలో తర్వాతి క్రైస్తవ రాతగాళ్ల చేయి పడిందని ఎక్కువమంది పండితుల మాట, కాబట్టి దాన్ని మొత్తంగా ఎత్తి చదవొద్దు. 1961లో కైసరయలో దొరికిన రాతిపలక మీద పిలాతు పేరుంది. ఇవి ఆయన బతికాడని, శిక్షపడిందని చెబుతాయి. దేవుని కుమారుడని చెప్పడం వాటి పని కాదు. రోమా అధికారి లెంతులుస్ రాశాడంటూ యేసు జుట్టు, కళ్ల రంగు వర్ణించే ఉత్తరం ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. మధ్యయుగపు కల్పితం, గోడ దగ్గరికి రానివ్వకండి.

"పన్నెండు నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కడున్నాడు" అని కూడా అడుగుతారు. ఆ ఏళ్లలో ఆయన ఇండియాకు వచ్చాడని చెప్పే రాతప్రతిని లద్దాఖ్‌లోని హెమిస్ మఠంలో చూశానని 1894లో నికొలాయ్ నొటోవిచ్ అనే రష్యా రచయిత రాశాడు; రెండేళ్లలోపే ఆ మఠాధిపతి అలాంటిదేమీ లేదన్నాడు. సువార్తలో జవాబు సాదాసీదాగా ఉంది: నజరేతువాళ్లు ఆయన్ని వడ్లవాడిగా, తల్లి పేరుతో, సోదరుల పేర్లతో సహా ఎరుగుదురు (మార్కు 6:3). అక్కడే పెరిగి పనిచేసిన మనిషిని గుర్తుపట్టినట్టే మాట్లాడారు.

నాలుగునిలువులు:

ఎనిమిది పాఠాలు సమానంగా పంచొద్దు. మార్కు పదహారు అధ్యాయాల్లో ఆరు చివరి వారానివే. యోహాను 13 నుంచి 19 వరకు, ఇరవై ఒకటిలో ఏడు, సూర్యాస్తమయం నుంచి సూర్యాస్తమయం దాకా ఒక్క యూదు దినం. తేదీలూ జననం ఒకటి, గలిలయ రెండు, రొట్టెలూ ఫిలిప్పు కైసరయలో పేతురు ఒప్పుకోలూ రూపాంతరం ఒకటి, యెరూషలేము ప్రయాణం ఒకటి, చివరి వారం రెండు, పునరుత్థానం ఒకటి.

చివరి పాఠానికి సమాధి దగ్గర స్త్రీల పేర్లు నాలుగు గడుల్లో ముందే రాసుకుని వెళ్లండి. మార్కు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లియైన మరియ, సలోమే. మత్తయి: ఇద్దరు మరియలు. లూకా: మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లియైన మరియ, ఇంకా కొందరు. యోహాను మగ్దలేనే మరియ ఒక్కతే అన్నట్టు మొదలుపెడతాడు, కానీ 20:2లో ఆమె నోట "ఎక్కడ ఉంచారో మాకు తెలియదు" అని బహువచనం. మార్కు 16:9–20 పాత ప్రతులైన సినాయ్, వాటికన్ రెంటిలోనూ లేదు. ఆ గడిని 16:8 దగ్గర గీతపెట్టి, కింద భాగం వేరే రంగులో వేయండి. ప్రత్యక్షతల పట్టికను మాత్రం సువార్తల నుంచి కాక 1 కొరింథీ 15:3–8 నుంచి మొదలుపెట్టండి. పౌలు 55 ప్రాంతంలో రాస్తూ, అది తనకు ముందే అప్పగించబడిందంటాడు. చార్టు మొత్తంలో ఇంతకన్నా పాత వరుస మీకు దొరకదు.